విజ్ఞానశాలలలో స్త్రీల యున్నతి: పథకములను తూచు విధము

మన బాలికలకు విజ్ఞానశాస్త్రములయందు రుచి లేదను మాట నేడు చెల్లదు. భారతదేశపు ఉన్నతవిద్యనుగూర్చి ప్రభుత్వము ప్రకటించిన 2021-22 సంవత్సరపు సర్వేలో విజ్ఞానశాస్త్రశాఖలందు చదువువారు 57.2 లక్షలమంది కాగా, అందు స్త్రీలు 29.8 లక్షలమంది. అనగా సగముకంటె నెక్కువ. కాని 2018లో మన దేశమున పరిశోధనాకార్యము నేరుగ చేయుచుండిన 3,41,818 మందిలో స్త్రీలు 56,747 మంది మాత్రమే. నూటికి 17 గురైనను లేరు. ఈ రెండు లెక్కలలోనివారు ఒక్క తరమువారు కారు, నిజమే. ఐనను తరగతిగదిలో సగముగ నున్నవారు ప్రయోగశాలయందు ఆరవవంతునకు దిగుట యేల? ఆ నడుమ జారిపోవువారిని నిలుపుటకై పెట్టిన పథకములు నిజముగ నిలుపుచున్నవా? ఈ విషయమునే నేడు విచారింపదలచితిమి.

ఇది పట్టణములందలి పండితులకే సంబంధించిన ప్రశ్న యని తలపవలదు. మేము గోదావరిఖని ప్రాంతమున కాపురముండువారము. ఇచ్చట గనిని బాయి యందురు. తండ్రి మూడు షిఫ్టులందును బాయికి పోవుచు కూతును బి.యస్సీ. చదివించు నిండ్లు ప్రతి క్వార్టర్ల వరుసలోను గలవు. శాతవాహన విశ్వవిద్యాలయమునకు చేరిన కళాశాలలలో పట్టము పొందిన పిల్ల, ఎం.యస్సీ.కి తరచు కరీంనగరమునకో, వరంగల్లునకో, హైదరాబాదునకో పోవలసివచ్చును. పిదప పిహెచ్.డి. యన్నచో మరి అయిదారేండ్లు. ఆ యేండ్లే పెండ్లికిని, తొలికానుపునకును వచ్చు నేండ్లు. విశ్వవిద్యాలయమున అధ్యాపకపదవికి త్రోవ తెరచుకొను కాలమును, ఇంట ఊయల కట్టు కాలమును ఒక్కటియే యగుట ఈ చిక్కునకు మూలము.

మన పూర్వగ్రంథములందు గార్గి జనకుని సభలో యాజ్ఞవల్క్యుని ప్రశ్నించినది. అది మనకు గర్వకారణమే. కాని సభలో ప్రశ్న యడుగుటకు చోటు దొరకుట వేరు, ఆ సభను నడుపుటకు చోటు దొరకుట వేరు. ఇప్పటి పథకములు సాధింపవలసినది ఈ రెండవదానిని.

ఒక్క వ్యక్తికి ఆదరువు దొరకినంతమాత్రమున ఏమి కాగలదో తెలుగువారికి తెలిపినది అయ్యలసోమయాజుల లలిత. ఆమె 1919లో మదరాసున జన్మించెను. పదునైదవయేట పెండ్లియై, పదునెనిమిదవయేట నాలుగు మాసముల బిడ్డతో వితంతువయ్యెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన పూనికతో ఆమె యచ్చట విద్యుచ్ఛాస్త్రమున చేరి, 1943లో చదువు ముగించి, మన దేశపు తొలి స్త్రీ ఇంజనీర్లలో నొకతె యయ్యెను. ఆమె పట్టముపై పురుషవాచకమును కొట్టివేసి స్త్రీవాచకమును వ్రాయవలసివచ్చెనట! ఆనాడు అచ్చుపత్రములందైనను స్త్రీకి చోటు లేదు. కాని తండ్రి అదే కళాశాలలో ఆచార్యుడుగ లేని పిల్లల మాటయేమి? పథకమనునది అట్టివారికొరకే.

మా బొగ్గుసీమలోని యుదాహరణము మరింత స్పష్టము. 1952 నాటి గనుల చట్టము స్త్రీలు భూగర్భమున పనిచేయుటను నిషేధించినది. గని మేనేజరు పరీక్షకు భూగర్భానుభవము కావలెను. కావున పిల్ల గనుల ఇంజనీరింగు చదివినను, పై మెట్టు ఎక్కుటకు దారి లేకుండెను. వృత్తియందు త్రోవ లేని శాఖలో విద్యార్థినులు చేరరు. విద్యార్థినులు లేని శాఖకు అధ్యాపికలు రారు. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వము, ఉదయము 6 గంటలు మొదలు రాత్రి 7 గంటలవరకు, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ కార్యములందు, వారి వ్రాతపూర్వక సమ్మతితో, ముగ్గురికి తగ్గని జట్లుగ స్త్రీలు గనిలోనికి దిగుటకు అనుమతి నొసగినది. మాకు చేరువ సెంటినరీ కాలనీయందలి జె.యన్.టి.యు. మంథని కళాశాలలో గనుల శాఖ కలదు. కొత్తగూడెమున గనుల కళాశాల యుండిన చోట 2025లో డాక్టరు మన్మోహన్ సింగ్ భూవిజ్ఞాన విశ్వవిద్యాలయము వెలసినది. తలుపు తెరువబడినది. ఎందరు లోనికి పోయి ఆచార్యపదవులవరకు చేరుదురో ఇక ముందు లెక్క చూడవలెను.

ఇక పథకములను చూతము. విజ్ఞానసాంకేతికశాఖవారు గృహకృత్యములవలన చదువు విడిచిన స్త్రీలను తిరిగి పిలుచుటకై 2002-03లో స్త్రీశాస్త్రజ్ఞుల పథకము నారంభించి, 2014లో 'కిరణ్' అను పేరిట అట్టివాని నొకచోట చేర్చిరి. స్త్రీల విశ్వవిద్యాలయములకు పరికరముల నొసగు 'క్యూరీ' కార్యక్రమము 2008-09 నుండి కలదు. 1983లో స్థాపితమైన తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము దాని సాయము నందుకొన్నది. పాఠశాలబాలికలకు 2019లో 'విజ్ఞానజ్యోతి' వెలిగినది. 2020లో ప్రకటితమైన 'గతి', మొదట 30 సంస్థలను తమ్ము తామే పరీక్షించుకొనుడని కోరినది. విశ్వవిద్యాలయ అనుదానసంఘపు నిబంధనలు పరిశోధకురాండ్రకు 240 దినములవరకు ప్రసవసెలవును, గడువులో రెండేండ్ల సడలింపును ఇచ్చుచున్నవి.

పేర్లు మనోహరములు. కాని బాయిలో ఎన్ని టబ్బులు లోనికి పోయినవో లెక్కించి యెవరును తృప్తిచెందరు గదా! ఎన్ని నిండి పైకి వచ్చినవో చూతురు. పథకములకును అట్టి తూనికయే కావలెను. ఎంత ధనము వ్యయమైనది, ఎన్ని సభలు జరిగినవి యనుట లోనికి పోయిన టబ్బుల లెక్క. మేమైతే నాలుగు ప్రశ్న లడుగుదుము.

మొదటిది: పథకమునకు పూర్వపు స్థితిని కొలిచిరా? అమెరికాయందలి మసాచుసెట్సు సాంకేతికసంస్థలో 1994లో విజ్ఞానశాఖల స్థిరపదవులందు పురుషులు 194 మంది, స్త్రీలు 15 మంది. నాన్సీ హాప్‌కిన్సు అను జీవశాస్త్రజ్ఞురాలు కొలతటేపు పట్టుకొని, తనకును పురుషులకును ఇచ్చిన ప్రయోగశాలల నేలను స్వయముగ కొలిచినది. ఊహగ నున్న బాధ అడుగుల లెక్కయైనది. తోడి స్త్రీలు చేరిరి. 1999లో సంస్థయే ఆ యసమానతను బహిరంగముగ నొప్పుకొన్నది. 2011 నాటికి అచ్చట అధ్యాపికల సంఖ్య రెట్టింపునకు చేరువయైనది. ఇల్లాలు డబ్బాలోని బియ్యము కొలువక నెల గడపదు. కొలువక సంస్థ మారునా?

రెండవది: మార్పు పథకమువలననే కలిగినదా? కాలముతోపాటు పథకము లేని చోటులందును స్త్రీలు కొంత పెరుగుదురు. కావున పథకమున్న శాఖను లేని శాఖతో పోల్చి, విద్యార్థిని, పరిశోధకురాలు, సహాయాచార్య, ఆచార్య యను ప్రతి మెట్టునను విడివిడిగ లెక్కింపవలెను. మొత్తము సంఖ్యను చూపినచో క్రింది మెట్టుననున్న గుంపు పై మెట్టునందలి శూన్యమును కప్పివేయును.

మూడవది: పని యెవరిపై పడినది? ఇంగ్లండులో 2005లో ఆరంభమైన 'ఎథీనా స్వాన్' అను ప్రమాణపత్రము సంస్థలకు కంచు, వెండి, బంగారు బిరుదుల నిచ్చును. 2011లో వైద్యపరిశోధనకు చెందిన కొన్ని గొప్ప నిధులకు వెండిబిరుదు ఉండవలెనని చెప్పగనే విభాగములు పరుగులెత్తినవి. ధనముతో ముడిపెట్టినచో పెద్దలు మేల్కొందురనుట రుజువైనది. కాని వ్రాతకోతల భారము మితిమీరినదని 2020 నాటి సమీక్ష తెల్పెను. నిధులతోడి ఆ ముడియు ఆ యేడే విప్పబడినది. ఆ కాగితములు పూరించు పని తరచు స్త్రీలపైననే పడినదని పలువురు విమర్శించిరి. స్త్రీల యున్నతికై పెట్టిన పని స్త్రీల పరిశోధనాకాలమునే హరించినచో, అది అత్తవారింట కోడలికి విశ్రాంతి నిత్తుమని చెప్పి, ఆ విశ్రాంతికి లెక్క వ్రాయు పనిని కూడ నామెకే యప్పగించినట్లు! మన 'గతి' ఈ ఎథీనా స్వాను మార్గమున నడచునదే కావున ఈ దోషమును మొదటనే గమనింపవలెను.

నాలుగవది: ధన మాగిన పిదప ఏమి మిగులును? క్యూరీవలన వచ్చిన పరికరము ప్రయోగశాలలో నిలుచును. తరువాతి పిల్లలకును పనికివచ్చును. స్త్రీశాస్త్రజ్ఞుల పథకపు వేతనమో మూడేండ్లు. తరువాత స్థిరపదవి లేనిచో ఆమె మరల ఇల్లు చేరును. తెలంగాణ విశ్వవిద్యాలయములందు అధ్యాపకుల ఖాళీలు అనేకములు ఏండ్లతరబడి నింపబడలేదు. ఉద్యోగమే లేని చోట ఉన్నతి యెట్లు? ఈ యొక్క కారణమే పెక్కు మంచిపథకములను ఎండగట్టుచున్నదని మా యభిప్రాయము.

కావున మా తీర్పు ఇది. విరామము పొందినవారిని తిరిగి పిలుచునవి మంచివే, కాని సగము త్రోవవి. పరికరములు, సెలవులు, శిశుసంరక్షణశాల, వసతిగృహము స్థిరమైన మేలు చేయును. బిరుదులు, ఉత్సవములు వానంతట అవి యేమియు చేయవు. నియామకములను సకాలమున జరిపి, ఎంపికసంఘములయందు స్త్రీలను కూర్చుండబెట్టి, మెట్టుమెట్టు లెక్కను ఏటేట ప్రకటించుట అన్నిటికంటె ముఖ్యము.

ఇందు గృహిణుల పని లేదా? కలదు. పిల్లను కళాశాలలో చేర్చునప్పుడు ఫీజు నడిగినట్లే, ఇచ్చట ఆచార్యపదవిలో స్త్రీలెందరు, పరిశోధన ముగించినవారెందరు, ప్రసవసెలవు నిజముగ నిత్తురా యని యడుగుడు. సంబంధము కుదుర్చుకొనునప్పుడు చదువు సాగునా యని నోటిమాటగ గాక, యెన్నియేండ్లు, ఎవరింట, బిడ్డ నెవరు చూతురు అని తేల్చుకొనుడు. కోడలి పిహెచ్.డి. నాలుగవయేట ఆగినచో, పోవునది ఆమె నాలుగేండ్లు మాత్రమే కాదు, ఆమెకు ప్రభుత్వము పెట్టిన ధనమును, ఆమె వెనుక రాదగిన పదిమంది పిల్లల ధైర్యమును గూడ. పథకము విశ్వవిద్యాలయపు ద్వారమువరకే తీసికొనిపోవును. ఇంటి గడప దాటించుట మన చేతిలోనిది.