నేర్పును తూచే పాచిక

కొందరు ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో కల్పిత పాత్రను ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో మాటల్లో చెబుతూ, నిర్వాహకుడు కల్పించే పరిస్థితులకు స్పందిస్తూ, అందరూ కలిసి ఒక కథ నడిపే ఆటను పాత్రధారణ ఆట, అంటే రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. ఆ కథలో ఒక పాత్ర గోడ ఎక్కాలన్నా, తాళం తీయాలన్నా, కోపంతో ఉన్న అధికారిని ఒప్పించాలన్నా, ఆ పని నెగ్గిందో లేదో ఎవరు తేల్చాలన్న ప్రశ్న పుడుతుంది. ఆటగాడే తేల్చుకుంటే ప్రతి పనీ నెగ్గుతుంది, నిర్వాహకుడు తేలిస్తే పక్షపాతమన్న అనుమానం మిగిలిపోతుంది. ఈ చిక్కు విడదీయడానికి పుట్టిన సాధనం నైపుణ్య పరీక్ష. పాత్రకున్న నేర్పును ఒక అంకెగా, పనిలోని కష్టాన్ని మరో అంకెగా రాసి, రెండింటి మధ్య పాచికను తీర్పరిగా కూర్చోబెట్టే పద్ధతి ఇది. ఇనుముతో చేసినది కాకపోయినా ఇదీ ఒక యంత్రమే. దీనికీ పుట్టుక, లోపాలు, మరమ్మతులు ఉన్నాయి.

ఈ యంత్రానికి ఇరుసు సంభావ్యత, అంటే ఒక ఫలితం రావడానికి ఎంత అవకాశం ఉందో చెప్పే లెక్క. మెండోర, బోధన్ వంటి ఊళ్ల అరుగులకు తెలిసిన అష్టాచెమ్మలోనే ఈ లెక్క దాగి ఉంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, అంటే చెమ్మ; నాలుగూ బోర్లా పడితే ఎనిమిది, అంటే అష్ట. ప్రతి గవ్వా రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే మొత్తం 16 విధాలుగా పడవచ్చు. అందులో రెండు పడే విధాలు 6, ఒకటికీ మూడుకీ చెరి 4 కాగా, చెమ్మకూ అష్టకూ చెరొకటే. ఒంటరి పాచికలో ప్రతి ముఖానికీ సమానమైన వంతు దక్కుతుంది గాని, కొన్నింటిని కలిపి వేస్తే మధ్య అంకెలు తరచుగా, కొసల అంకెలు అరుదుగా వస్తాయి. నిపుణుడి పని చాలాసార్లు ఒకే తీరుగా సాగాలని కోరుకునే ఆట రెండో దారి పడుతుంది, ప్రతి క్షణం ఉత్కంఠ కావాలనుకునే ఆట మొదటి దారి పడుతుంది.

పాచికకూ విద్యకూ ఉన్న ఈ బంధం తెలుగు పాఠకుడికి కొత్తది కాదు. నన్నయ తెనిగించిన ఆరణ్యపర్వ భాగంలోని నలోపాఖ్యానంలో, జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు ఋతుపర్ణుడికి సారథిగా ఉంటూ, గుర్రాలను నడిపే అశ్వహృదయాన్ని ఇచ్చి, పాచికల మర్మమైన అక్షహృదయాన్ని పుచ్చుకుంటాడు. ఋతుపర్ణుడు తన విద్యను రుజువు చేసింది కత్తితో కాదు, దారిపక్కన ఉన్న తాండ్ర చెట్టు కాయలను చూపుతోనే లెక్కగట్టి. లెక్క, సారథ్యం, ఓర్పు నలుడి రాజ్యాన్ని తిరిగి తెచ్చాయి; యుద్ధం లేకుండానే కథకు నడకా ఉద్వేగమూ ఉంటాయనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం వెతకనక్కర లేదు.

అయితే ఆధునిక యంత్రం మాత్రం యుద్ధశాలలోనే పుట్టింది. ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ 1824లో ప్రచురించిన క్రీగ్‌స్పీల్ నియమాలలో, పటం మీద దళాలను కదిపే అధికారులకు పాచిక, పట్టికలు, మధ్యవర్తి కలిసి నష్టాలను తేల్చేవారు. 1876లో వెర్డీ ద్యు వెర్నోయ్ ఆ పట్టికలను పక్కనపెట్టి, అనుభవమున్న మధ్యవర్తి తీర్పే చాలన్నాడు. పాచిక మాటా, పెద్దమనిషి మాటా అన్న ఆ తగవు ఇప్పటికీ ఈ ఆటలను వదలలేదు. 1969లో అమెరికాలోని మినసోటాలో డేవిడ్ వెస్లీ, బ్రౌన్‌స్టీన్ అనే కల్పిత ప్రష్యా పట్టణాన్ని ఆటగా మార్చి, సేనానులతో పాటు నగరాధ్యక్షుడు, బ్యాంకరు, విశ్వవిద్యాలయాధిపతి వంటి పాత్రలను కూడా పంచిపెట్టాడు. ఆటగాళ్లు యుద్ధాన్ని మరచి బేరసారాల్లో, కుట్రల్లో మునిగిపోవడంతో ఆట చెడిపోయిందని వెస్లీ అనుకున్నాడు. వాళ్లు మాత్రం అలాంటిదే మరొకటి కావాలన్నారు. పోరులేని సవాలుకు బల్ల మీద దొరికిన విజయం అది. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను వెలువరించాడు.

ఆ తొలి పుస్తకాలలో పోరుకు పట్టికలున్నాయి గాని, నేర్పులకు విస్తృతమైన పద్ధతి లేదు. 1975 నాటి గ్రేహాక్ అనుబంధం దొంగ పాత్రకు తాళం తీయడం, చప్పుడు లేకుండా నడవడం వంటి పనులను శాతాలలో ఇచ్చింది. 1978 నాటి నియమాలలో కొత్త దొంగకు గోడ ఎక్కే అవకాశం 85 శాతం, నీడలో దాక్కునే అవకాశం 10 శాతం. దానితోపాటే ఒక అపోహ కూడా వచ్చింది: దొంగకు గోడ ఎక్కడం అంకెగా రాసి ఉంది కనుక మిగతావారికి అది చేతకాదన్న భావన బలపడింది. ఈ లోపాన్ని దిద్దే దారి 1977లో మార్క్ మిల్లర్ రూపొందించిన ట్రావెలర్‌లో కనిపిస్తుంది. అందులో ఎవరైనా సైన్యంలోనో వర్తకంలోనో గడిపిన ఏళ్లను బట్టి నేర్పులు సంపాదిస్తారు, రెండు పాచికల మొత్తం 8 గాని అంతకు మించి గాని వస్తే పని నెగ్గడం అక్కడ తరచూ కనిపించే కొలమానం. నేర్పేమీ లేనప్పుడు ఆ అవకాశం 36లో 15, ఒక్క మెట్టు నేర్పు కలిస్తే 36లో 21. 1978 నాటి రూన్‌క్వెస్ట్ మరో మెట్టెక్కి, వాడిన నేర్పే పెరుగుతుందనీ, ఎక్కువ తెలిసినవాడికి ఇంకొంచెం నేర్చుకోవడం కష్టమనీ నియమంగా రాసింది. 2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో కూర్పు ఇరవై ముఖాల పాచికకు నేర్పును కలిపి కష్టపు అంకెతో పోల్చే ఒకే సూత్రంతో పోరునూ ఇతర పనులనూ కలిపింది. అందులో ఒక్కో అంకె తేడా సాధారణంగా 5 శాతం.

ఒక్క పాచికతో పెద్ద పని తేల్చడం అన్యాయమనిపించినప్పుడు, 2008 నాటి నాలుగో కూర్పు నైపుణ్య సవాలు అనే పద్ధతి తెచ్చింది. మెండోర మండలంలో, పోచంపాడు దగ్గర గోదావరిపై శ్రీరాంసాగర్ జలాశయం ఉన్న నేలలో, కాలువ చివరి మడికి నీరు చేర్చడాన్ని ఇలాంటి సవాలుగా ఊహించవచ్చు: కట్టకు పడ్డ గండి కనిపెట్టాలి, తూము దగ్గర నీరు వదిలే లష్కర్‌ను ఒప్పించాలి, ఎగువ రైతులతో వంతు కుదుర్చుకోవాలి, రాత్రంతా నీటికి కాపలా ఉండాలి. కత్తి పనికిరాని ఈ పనిలో ప్రతి మనిషి నేర్పుకూ చోటుంది. ఇలాంటి చిన్న సవాలులో నాలుగు గెలుపులు రాకముందే రెండు ఓటములు వస్తే సవాలు ఓడినట్టని మొదటి నియమం. ఒక్కో ప్రయత్నానికి 60 శాతం అవకాశం ఉన్నా మొత్తం గెలుపు సుమారు 34 శాతమే అవుతుంది. త్వరలోనే ఓటముల హద్దును మూడుకు మార్చడంతో అది 54 శాతానికి పెరిగింది. కాని అదే హద్దుతో 12 గెలుపులు కావలసిన పెద్ద సవాలులో అవకాశం సుమారు 4 శాతానికి దిగజారుతుంది. ఓటమి హద్దు కదలకుండా గెలుపుల సంఖ్య పెరిగిన కొద్దీ కష్టం ఎంత వేగంగా పెరుగుతుందో ఈ యంత్రం అందరికీ నేర్పింది.

లెక్క సరిచేసినా ఒక ప్రశ్న మిగిలింది: ఓడిన తరువాత ఏం జరగాలి? 1981 నాటి కాల్ ఆఫ్ క్తుల్హూ వంటి పరిశోధన కథలలో గ్రంథాలయంలో వెతికే పాచిక ఓడితే ఆధారం దొరకదు, ఆధారం లేకపోతే కథ అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే రాబిన్ లాస్ గమ్‌షూ పద్ధతిలో, తగిన నేర్పున్నవాడు తగిన చోట వెతికితే కీలకమైన ఆధారం తప్పక దొరకాలన్నాడు. దాని అర్థం గ్రహించడమే ఆటగాడి పని. 2010లో విన్సెంట్ బేకర్ అపొకలిప్స్ వరల్డ్‌లో రెండు పాచికల మొత్తం 7 నుంచి 9 వరకు వస్తే పని అవుతుంది గాని మూల్యం చెల్లించాలన్న మధ్య మెట్టు పెట్టాడు. చివరి మడి ఉదాహరణలో లష్కర్ నీరు వదలడానికి ఒప్పుకుంటాడు, కాని అర్ధరాత్రి రెండు గంటలు మాత్రమే; అప్పుడు కొత్త ఎత్తుగడ, కొత్త సాయం అవసరమై కథ ముందుకు జరుగుతుంది.

నిపుణులు అనుసరించే నియమం ఈ చరిత్ర నుంచే వచ్చింది: ఫలితం నిజంగా సందేహంలో ఉండి, గెలిచినా ఓడినా కథలో మార్పు వచ్చేటప్పుడే పాచిక వేయాలి, మిగతా చోట్ల నేర్పును నమ్మాలి, మాటను వినాలి. వేటు పడిందా లేదా అని చెప్పడానికి పుట్టిన పాచిక, రెండు శతాబ్దాలలో, ఒక మనిషి ఎంత నేర్చుకున్నాడు, ఎంత ఓర్చుకున్నాడు, పక్కవాడిని ఎలా ఒప్పించగలడు అని అడగడం నేర్చుకుంది. అష్టాచెమ్మ గవ్వలు విసిరిన చేతులకు ఈ యంత్రం పరాయిది కాదు. గోదావరి, మంజీర ఒడ్డుల బతుకులో ఇది తూచగల నేర్పులు కావలసినన్ని ఉన్నాయి, వాటిని కథలుగా బల్ల మీదికి తెచ్చే పని ఇక్కడి ఆటగాళ్లది.