మారు తాళం మరిస్తే అసలుకే మోసం!
నెట్‌వర్క్ స్విచ్‌ల పాస్‌వర్డ్‌పై అశ్రద్ధ వద్దు

కోవిల్‌పట్టి, విరుదునగర్: ఊరెళ్తూ మారు తాళంచెవిని పక్కింట్లో ఇచ్చి వెళ్లడం అందరికీ తెలిసిందే. కళాశాలలు, మిల్లులు, గిడ్డంగుల్లో కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లకూ అలాంటి మారు తాళం ఒకటుంటుంది. అవసరం పడేదాకా దాని ఊసే ఎవరికీ గుర్తురాదు. కోవిల్‌పట్టి నేషనల్ ఇంజినీరింగ్ కళాశాల 1984లో, విరుదునగర్ కామరాజ్ ఇంజినీరింగ్ కళాశాల 1998లో మొదలయ్యాయి. ఇలాంటి చోట్ల చదివి నెట్‌వర్క్ కొలువుల్లో చేరే మన కుర్రాళ్లకు తొలి పాఠం కావాల్సింది ఇదే.

రెండు దారులు
స్విచ్‌లోకి వెళ్లాలంటే అడ్మినిస్ట్రేటర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. స్విచ్ వాటిని సొంతంగా తేల్చదు. రేడియస్ లేదా టాకాక్స్ ప్లస్ పద్ధతిలో కేంద్ర సర్వర్‌ను అడుగుతుంది. ఎవరైనా ఉద్యోగం మానేస్తే సర్వర్‌లో ఒక్కచోట పేరు తీసేస్తే చాలు, అన్ని స్విచ్‌ల తలుపులూ మూసుకుంటాయి.

మరి కరెంటు పోయి సర్వర్ ఆగితే? రోడ్డు తవ్వకాల్లో కేబుల్ తెగితే? స్విచ్ కొన్ని సెకన్లు చూసి, మళ్లీ అడిగి, జవాబు రాకుంటే తనలో దాచుకున్న లోకల్ ఖాతాను చూస్తుంది. ఇదే మారు తాళం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సర్వర్ ‘పాస్‌వర్డ్ తప్పు’ అని జవాబిస్తే మామూలుగా లోకల్ ఖాతా పనిచేయదు. జవాబే రానప్పుడు మాత్రమే దాని వంతు.

లేకున్నా చిక్కే.. ఉన్నా చిక్కే
లోకల్ ఖాతా పెట్టకపోతే సర్వర్ పడిపోయిన రోజు యజమానికే లోపలికి దారుండదు. కన్సోల్ కేబుల్ పట్టుకుని స్విచ్ దగ్గరికే పరుగెత్తాలి. పాస్‌వర్డ్ మార్చేందుకు స్విచ్‌ను ఆపి మళ్లీ వేయాల్సి రావచ్చు. అంతసేపూ పని బంద్.

అలాగని అన్ని స్విచ్‌లకూ ఒకే తేలిక పాస్‌వర్డ్ పెడితే, ఒకటి బయటపడగానే అన్నీ పోయినట్టే. దొంగ కావాలనే సర్వర్ దారి మూసి మారు తాళాన్ని ప్రయత్నించవచ్చు. 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాం, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, రౌటర్లలోకే దూరింది.

ఒక్కరి చేతిలో వద్దు
2008లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగర నెట్‌వర్క్ పాస్‌వర్డ్‌లు టెర్రీ చైల్డ్స్ అనే ఉద్యోగి ఒక్కరి చేతిలోనే ఉండిపోయాయి. ఆయన చెప్పనని భీష్మించి జైలుకెళ్లారు. చివరికి మేయర్ గావిన్ న్యూసమ్ స్వయంగా జైలుకొస్తేనే చెప్పారు. 2010లో కోర్టు ఆయనకు నాలుగేళ్ల శిక్ష వేసింది.

ఇవి పాటించాలి
* ఒక్కో స్విచ్‌కు ఒక్కో పొడవాటి పాస్‌వర్డ్ పెట్టాలి.
* సిస్కో పరికరాల్లో ‘టైప్ 7’గా దాచిన పాస్‌వర్డ్‌ను ఇట్టే తిరగదోడవచ్చు. ‘టైప్ 8’ వాడటం మేలు.
* పాస్‌వర్డ్ సీలువేసిన కవరులో, బీరువాలో, ఇద్దరికి తెలిసేలా ఉండాలి.
* మనిషి మారినా, కవరు విప్పినా పాస్‌వర్డ్ మార్చాలి.
* సెలవు రోజున సర్వర్ దారి ఆపి, మారు తాళం తిరుగుతుందో లేదో చూసుకోవాలి.