మానదాసుందరి కంథ

మనము బొంత యనునదియే వంగదేశమున కాంథా. సంస్కృతమున 'కంథ' యనగా అతుకుల వస్త్రము. భిక్షువులును యోగులును కప్పుకొనునది. పేరు పేదరికమును సూచించును గాని, వంగస్త్రీలు కుట్టిన కంథలలో కొన్ని చిత్రపటములతో సరితూగగలవు.

వాడి వాడి మెత్తబడిన తెల్లని చీరలను, ధోవతులను పొరలుగా పరచి, పాత చీరల అంచులనుండి లాగిన ఎఱ్ఱని, నల్లని, నీలి దారములతో కుట్టుదురు. సూదిని పైకిని క్రిందికిని పోనిచ్చు సామాన్యమైన కుట్టే దీనికి ప్రధానము. నడుమ పద్మము, నాలుగు మూలల నాలుగు చెట్లు తరచుగా కనబడును. బొమ్మలు పోగా మిగిలిన తావునంతయు తెల్లదారముతో దగ్గర దగ్గరగా కుట్టుటచే, నీటిపై గాలి వీచినట్లు బట్టయంతటను సన్నని అలలు లేచును.

పద్మమునకును మూలలకును నడుమనున్న చోటు కుట్టు స్త్రీ ఇచ్చకు విడిచినది. అక్కడ రథము, రాధాకృష్ణులు, రామాయణ ఘట్టములు. వాని సరసనే గుఱ్ఱమెక్కిన దొర, తుపాకి పట్టిన సిపాయి! పురాణమునకును వర్తమానమునకును నడుమ ఆమె గీత గీయలేదు.

పందొమ్మిదవ శతాబ్దిలో మానదాసుందరి దాసి తన తండ్రికై కుట్టిన కంథ ఇట్టిదే. అది కోల్‌కతా పొలిమేరలలోని గురుసదయ్ మ్యూజియమునకు చెందినది. దేవతలతోపాటు దొరలును సైనికులును అందు చోటు చేసికొనిరి. అంతకంటె విశేషము, ఆమె తన పేరును, తండ్రికై చేసితినను మాటను దారముతోనే వ్రాసినది. చాల కంథలకు కర్త్రి పేరు లేదు. కప్పుకొనగా కప్పుకొనగా అనేకములు చినిగి మాసిపోయినవి. సంతకము చేసిన ఈమెను కుట్టుపనికత్తె యని మాత్రమే పిలుచుట నాకు న్యాయముగా తోచదు.

ఇందు సైనికులున్నారు గనుక దీనిని దేశభక్తి చిత్రమనవచ్చునా? తొందరపడరాదు. కాలము తన కంటికి చూపినదానిని ఆమె కుట్టినది. దేశభక్తి దానిని దాచినవానిది. గురుసదయ్ దత్తు (1882–1941) ఇంగ్లీషు ప్రభుత్వమున ఐ.సి.ఎస్. ఉద్యోగి. అయినను ఊరూర తిరిగి కంథలను, పటములను, మట్టిబొమ్మలను సేకరించెను. 1932లో వ్రతచారి ఉద్యమమును స్థాపించి జానపద నృత్యగీతములకు గౌరవము కలిగించెను. ఆయన సేకరణయే 1963లో మ్యూజియముగా ప్రజలకు తెరవబడినది. తండ్రికై కూతురు కుట్టిన బొంత ఈ విధముగా జాతిసంపద యైనది.

కవులలో ఈ బొంత విలువ నెఱిగినవాడు జసీముద్దీన్. 1929లో వెలువడిన ఆయన 'నక్షీ కాంథార్ మాఠ్' కావ్యమున, కొట్లాటవలన ఊరు విడిచిపోయిన భర్త రూపాయికై ఎదురుచూచుచు సాజు తమ కథనంతయు కంథపై కుట్టును. తాను మరణించిన పిమ్మట దానిని సమాధిపై పరువుమని తల్లిని కోరును. చాలకాలమునకు తిరిగి వచ్చిన రూపాయి, ఆ కంథను కప్పుకొనియే ఆమె సమాధియొద్ద ప్రాణము విడుచును.