పైన ఉక్క, కింద వణుకు
రెండంతస్తుల ఇళ్ల హీటింగ్: అపోహలు – వాస్తవాలు

జనవరి వచ్చిందంటే న్యూజెర్సీలోనో షికాగో శివార్లలోనో ఉన్న చాలా తెలుగు ఇళ్లలో ఒకటే పేచీ. పై గదుల్లో పిల్లలు దుప్పట్లు తన్నేసి పడుకుంటారు. మెట్లెక్కలేక కింద బెడ్‌రూమ్‌లో సర్దుకున్న అమ్మమ్మ, తాతయ్యలేమో స్వెట్టర్ మీద శాలువా కప్పుకుంటారు. థర్మోస్టాట్ చూస్తే 70 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటుంది.

ఇలాంటి ఇళ్లలో చాలావాటికి ఒకటే ఫర్నెస్ ఉంటుంది. అది వేడిచేసిన గాలిని బ్లోయర్ డక్టుల గుండా గదుల్లోకి తోస్తుంది. చల్లబడిన గాలి రిటర్న్ గ్రిల్ గుండా మళ్లీ ఫర్నెస్‌కు చేరాలి. అంతస్తుల మధ్య రెండు మూడు డిగ్రీల తేడా మామూలే. అంతకు మించితే లోపం ఎక్కువసార్లు ఫర్నెస్‌లో ఉండదు, గాలి తిరిగే దారిలో ఉంటుంది. అక్కడ చూడకుండా డబ్బు ఖర్చుపెట్టించే అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: వేడి ఎలాగూ పైకే పోతుంది, చేయగలిగిందేమీ లేదు.

వాస్తవం: పైకి లేచేది వేడెక్కిన గాలి. దాన్ని బయటికి పోనిచ్చేది ఇంట్లోని సందులు. చలికాలంలో ఇల్లంతా ఒక పొగగొట్టంలా పనిచేస్తుంది. అటిక్ మూత అంచులు, సీలింగ్‌లో పొదిగిన లైట్ల చుట్టుపక్కల, వైర్లూ పైపులూ పైకి వెళ్లే రంధ్రాలు... వీటిలోంచి వెచ్చని గాలి జారిపోతుంది. ఎంత పోతే అంత చలిగాలి కిందినుంచి లోపలికి వస్తుంది: తలుపుల అడుగునుంచి, పునాది గోడ మీద చెక్క దూలాలు ఆనే చోటునుంచి. కింద చలి వేస్తుంటే అటిక్ కూడా చూడమనేది అందుకే.

పనికి ఒక వరస ఉంది. ముందు సందులు మూయాలి, తర్వాతే ఇన్సులేషన్ పరచాలి. సందులు వదిలేసి పైన ఎంత మందంగా పరిచినా గాలి దానిలోంచి దారి చేసుకుంటుంది. చలి ప్రాంతాల అటిక్‌లకు అమెరికా ఇంధన శాఖ సూచించే ఇన్సులేషన్ స్థాయి ఆర్-49 నుంచి ఆర్-60. పాత ఇళ్లు చాలావరకు దీనికి దూరంగానే ఉంటాయి. గ్యారేజ్ మీద కట్టిన గదిలో కాళ్లు జివ్వుమంటుంటే, ఆ నేల కింది దూలాల మధ్య కూడా ఇదే వరసలో పని జరగాలి.

అపోహ: పైన వెంట్లు మూసేస్తే ఆ వేడంతా కిందికి వస్తుంది, బిల్లు కూడా తగ్గుతుంది.

వాస్తవం: వెంట్లు మూసినంత మాత్రాన ఫర్నెస్ తక్కువ మండదు. డక్టుల్లో ఒత్తిడి పెరుగుతుంది, ఉన్న చిల్లుల్లోంచి ఇంకా ఎక్కువ గాలి బయటపడుతుంది. లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2003లో ఈ విషయాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేసి, వెంట్లు మూయడం వల్ల ఇంధనం ఆదా కాకపోగా వాడకం పెరుగుతుందని తేల్చింది. పైగా గాలి చాలకపోతే ఫర్నెస్ లోపల వేడి హద్దు దాటి, రక్షణ స్విచ్ మంటను మధ్యలోనే ఆపేస్తుంది.

గాలిని పంచడానికి వేరే ఏర్పాటుంది. చాలా ఇళ్లలో పెద్ద డక్టునుంచి చీలే పాయల మీద డాంపర్లు ఉంటాయి. వాటి పిడి డక్టు పొడవునా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. పైకి వెళ్లే పాయను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ఒక రోజు ఆగి, థర్మామీటర్‌తో రెండు అంతస్తులూ చూసుకోవాలి. వేసవిలో ఏసీ వేశాక ఈ అమరిక తిరగబడుతుంది కాబట్టి రెండు గుర్తులూ మార్కర్‌తో గీసిపెట్టుకుంటే మేలు.

అపోహ: థర్మోస్టాట్ 80కి పెడితే గది త్వరగా వేడెక్కుతుంది.

వాస్తవం: ఒకే స్థాయిలో మండే ఫర్నెస్‌కు 70 అయినా 80 అయినా మంట ఒకటే. ఎక్కువసేపు మండుతుందంతే. టెక్సస్, జార్జియా, కరొలైనాల్లో హీట్ పంపులు ఎక్కువ. వాటికి ఒక్కసారిగా పెద్ద అంకె పెడితే, బిల్లు పెంచే ఎలక్ట్రిక్ హీటర్ కూడా పనిలోకి దిగుతుంది. థర్మోస్టాట్‌కు తెలిసేది తానున్న గోడ దగ్గరి వేడే. అది ఎండ పడేచోటో వంటింటి పక్కనో ఉంటే, కింది గదులు వేడెక్కకముందే ఫర్నెస్‌ను ఆపేస్తుంది. కొన్ని స్మార్ట్ థర్మోస్టాట్‌లకు వేరే గదిలో సెన్సర్ పెట్టుకోవచ్చు.

అపోహ: వేడిగాలి వచ్చే వెంట్ బాగుంటే చాలు.

వాస్తవం: వచ్చిన గాలికి పోయే దారి కూడా కావాలి. సోఫా రిటర్న్ గ్రిల్‌కు అడ్డంగా ఉన్నా, రిటర్న్ లేని బెడ్‌రూమ్ తలుపు రాత్రంతా బిగించి ఉన్నా, ఆ గదిలోకి కొత్త వేడిగాలి సరిగా రాదు. తలుపు కింద సందు ఉంచడం, గోడలో గాలి మారే గ్రిల్ పెట్టించడం చిన్న పనులే. మురికి పట్టిన ఫిల్టర్‌ది కూడా ఇదే తంతు. ఇంకో సులువైన ప్రయత్నం: బ్లోయర్‌ను ‘ఆటో’ నుంచి ‘ఆన్’కు మారిస్తే మంట లేనప్పుడు కూడా పై గాలి, కింది గాలి కలుస్తాయి.

అపోహ: డక్టు అతుకులకు డక్ట్ టేప్ చాలు.

వాస్తవం: అదే బర్క్‌లీ ప్రయోగశాల 1990లలో చేసిన పరీక్షల్లో వేడికి మొదట ఊడింది గుడ్డతో చేసిన ఆ టేపే. అతుకులకు మాస్టిక్ అనే లేపనం గానీ, లోహపు రేకు టేపు గానీ వాడాలి. సాధారణ ఇంట్లో డక్టుల్లో పోయే గాలిలో 20 నుంచి 30 శాతం దారిలోనే కారిపోతుందని ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతోంది.

అపోహ: సీలింగ్ ఫ్యాన్ వేసవికే.

వాస్తవం: రెండంతస్తుల ఎత్తున్న హాల్లో వెచ్చని గాలి కప్పు కింద పేరుకుంటుంది. ఫ్యాన్ మోటారు పక్కనుండే స్విచ్ మార్చి, కిందినుంచి చూస్తే గడియారం ముళ్ల దిశలో, తక్కువ స్పీడులో తిప్పితే ఆ గాలి గోడల వెంబడి కిందికి దిగుతుంది.

అపోహ: కింద ఒక స్పేస్ హీటర్ పెడితే సరిపోతుంది.

వాస్తవం: కాసేపటికి పనికొస్తుంది. కానీ 1500 వాట్ల హీటర్ ఆగకుండా నడిస్తే గంటకు ఒకటిన్నర యూనిట్ల కరెంటు కాలుస్తుంది. దాన్ని నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ వైరుకు తగిలించకూడదు. మంచం, పరదాలు, చీరలు మూడడుగుల దూరంలో ఉండాలి. నిద్రపోయే ముందు ఆపేయాలి. వెచ్చదనం కోసం గ్యాస్ స్టవ్ వెలిగించి వదిలేయడం ఇంకా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. దాని అలారం ప్రతి అంతస్తులోనూ ఉండి తీరాలి.

అపోహ: పెద్ద ఫర్నెస్ వేయిస్తే పీడ విరగడవుతుంది.

వాస్తవం: అవసరానికి మించిన ఫర్నెస్ థర్మోస్టాట్ ఉన్నచోటును గబగబా వేడిచేసి ఆగిపోతుంది. దూరపు గదులకు గాలి అందేలోపే మంట ఆరుతుంది. తేడా తగ్గకపోగా పెరగవచ్చు. ఫర్నెస్ మార్చమనే టెక్నీషియన్‌ను ముందు రెండు అడగాలి: డక్టుల్లో గాలి ఒత్తిడి కొలిచారా? గదిగదికీ ఎంత వేడి కావాలో ‘మాన్యువల్ జె’ పద్ధతిలో లెక్కకట్టారా? ఈ లెక్కలయ్యాక, సందులు మూశాక కూడా తేడా మిగిలితే అంతస్తుకో థర్మోస్టాట్, మోటారుతో కదిలే డాంపర్లు పెట్టే జోనింగ్ ఉంది. ఇబ్బంది ఒక్క గదికే అయితే, ఇల్లంతా కదిలించకుండా ఆ గది వరకు మినీ స్ప్లిట్ వేయించుకోవచ్చు.