నూట ఇరవై ఏళ్ళ రాజ్యాంగానికి మరమ్మతు

మన దేశానికంతటికీ ఒకే రాజ్యాంగం. రాష్ట్రాలకు విడివిడిగా రాజ్యాంగాలు లేవు. జమ్మూ కాశ్మీరుకు మాత్రం 1957 నుంచి 2019 వరకు వేరే రాజ్యాంగం ఉండేది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పద్ధతి వేరు. అక్కడి 50 రాష్ట్రాలలో ప్రతిదానికీ సొంత రాజ్యాంగం ఉన్నది; దేశ రాజ్యాంగానికి లోబడి అది నడవాలి. వాటిలో దక్షిణాదినున్న అలబామా రాష్ట్రపు రాజ్యాంగం ముసలిదై, అతుకుల బొంతయై, చివరకు 2022లో కొత్త రూపు దాల్చింది. ఎక్కడి అలబామా, ఎక్కడి మనము అని పాఠకులు అనవచ్చును. పరరాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడి, కొద్దిమందిగా బ్రతుకుతున్న మనబోటివారికి ఆ కథతో కొంత పని ఉన్నదని మేము అనుకుంటున్నాము.

1901 మే నెలలో మాంట్‌గొమరీ నగరంలో 155 మంది ప్రతినిధులు రాజ్యాంగం వ్రాయడానికి సమావేశమయ్యారు. అందరూ తెల్లవారే, అందరూ మగవారే. అధ్యక్షుడు జాన్ నాక్స్ తమ ఉద్దేశం దాచుకోలేదు. దేశ రాజ్యాంగం గీసిన గీటు దాటకుండా తెల్లవారి ఆధిక్యాన్ని నెలకొల్పడమే తమ పని అని సభలోనే చెప్పాడు. రంగునుబట్టి వోటు తీసివేయరాదని దేశ రాజ్యాంగం 1870 నుంచి నిషేధిస్తున్నది. కనుక రంగు పేరెత్తకుండా పని నడిపించారు. వోటు కావాలంటే చదువు రావాలన్నారు. లేదా 40 ఎకరాల భూమో, 300 డాలర్ల ఆస్తో ఉండాలన్నారు. పైగా ఏటా ఒకటిన్నర డాలరు తలపన్ను. కట్టని ఏళ్ళ బాకీ పేరుకుంటుంది. పరీక్ష పెట్టేవారూ, పేరు ఎక్కించేవారూ తెల్లవారే.

ఫలితం వెంటనే కనబడింది. 1900లో వోటుకు అర్హులైన నల్లజాతివారు 1,80,000 మందికి పైగా ఉండగా, 1903 నాటికి జాబితాలో మిగిలినవారు సుమారు 3,000. బీద తెల్లవారు కూడా వేలకొద్దీ వోటు పోగొట్టుకున్నారు. జాక్సన్ గైల్స్ అనే నల్లజాతి పౌరుడు సుప్రీం కోర్టు దాకా వెళ్ళాడు. ఇది రాజకీయంగా తీర్చుకోవలసిన బాధ అని 1903లో ఆ కోర్టు చేతులు దులుపుకున్నది. వోటే లేనివారు రాజకీయంగా తీర్చుకునేదెట్లా?

ఆ రాజ్యాంగంలో మరొక లోపం ఉన్నది. అధికారమంతా రాజధానిలో పెట్టి, మన జిల్లాల వంటి కౌంటీలకు ఏమీ వదలలేదు. ఒక కౌంటీలో చిన్న పని చేయవలసివచ్చినా రాజ్యాంగ సవరణ కావాలి. శాసనసభ ఉభయ సభలలోనూ అయిదింట మూడు వంతుల వోట్లతో తీర్మానం కావాలి. తరువాత ప్రజలు వోటు చేయాలి. ఆ విధంగా 950కి పైగా సవరణలు పేరుకున్నాయి. మన దేశంలో సవరణ జరిగితే ఆ మాట దాని చోటులో చేరిపోతుంది. అలబామాలో పాత మాటలను అట్లాగే ఉంచి, కొత్తవాటిని వెనుక అంటించుకుంటూ పోయారు. అది దేశ రాజ్యాంగానికి ఇంచుమించు 50 రెట్లయింది.

ఈలోగా దేశంలో కాలం మారింది. నల్లవారికీ తెల్లవారికీ వేరు వేరు బడులు కూడవని 1954లో సుప్రీం కోర్టు చెప్పింది. 1965లో వోటు హక్కు చట్టం వచ్చింది. జాత్యంతర వివాహాలను నిషేధించరాదని 1967లో తీర్పు వచ్చింది. అయినా చెల్లని మాటలు అలబామా రాజ్యాంగంలో నిలిచే ఉన్నాయి. వివాహ నిషేధాన్ని 2000లో ప్రజలు వోటు వేసి తొలగించారు. అప్పుడు కూడా నూటికి 40 మంది దానిని ఉండనివ్వమన్నారు.

బడుల సంగతి మరీ చిక్కుపడింది. వేరు బడులు పోతాయన్న భయంతో 1956లో ఆ రాష్ట్రం ఒక సవరణ చేసుకున్నది. ప్రభుత్వ ఖర్చుతో చదువు పొందే హక్కు ఎవరికీ లేదని దాని సారాంశం. 2004లో వేరు బడుల మాటతోపాటు దీనిని కూడా తీసివేయబోతే, కోర్టులు పన్నులు పెంచమంటాయేమోనని కొందరు ఎదురుతిరిగారు. సుమారు 14 లక్షల వోట్లలో 1,850 తేడాతో ప్రతిపాదన ఓడిపోయింది. 2012లో వేరు బడుల మాట మాత్రమే తీసి, చదువుకు హక్కు లేదన్న మాటను ఉంచుతామన్నారు. ఈసారి నల్లజాతి నాయకులే వద్దన్నారు. పైమకిలి తుడిచి లోపలి తుప్పు ఉంచితే ఏమి లాభమని వారి వాదం. అదీ ఓడిపోయింది.

తరువాత 2019లో మెరికా కోల్‌మన్ అనే నల్లజాతి శాసనసభ్యురాలు తెచ్చిన ప్రతిపాదనను శాసనసభ ఆమోదించింది. జాతిద్వేషపు మాటలు తీసివేయడం, రద్దయినవీ మరల మరల వచ్చేవీ తొలగించడం, ఒక్కొక్క కౌంటీ సవరణలను ఒకచోట చేర్చడం వంటి పనులు మాత్రమే చేయాలని అందులో షరతు పెట్టారు. 2020లో నూటికి 67 మంది సరేనన్నారు. 2022లో శాసనసభ తీర్మానం మీద కొత్త ప్రతి ప్రజల ముందుకు వెళ్ళగా, నవంబరులో నూటికి 76 మంది ఆమోదించారు. శిక్షగానైనా బానిసత్వం కూడదన్న మాట అందులో చేరింది. కౌంటీల అధికారం, పన్నుల హద్దులు మారలేదు. చదువుకు హక్కు లేదన్న 1956 నాటి వాక్యమూ పోలేదు.

ఆ 1956 సంవత్సరమే మనకూ ముఖ్యమైనది. భాషారాష్ట్రాలు ఏర్పడిన ఆ ఏడే మన రాజ్యాంగానికి ఏడవ సవరణ జరిగి, 350ఎ, 350బి అధికరణాలు చేరాయి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించడానికి తగిన సౌకర్యాలు కల్పించుటకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని మొదటిది చెబుతున్నది. అందుకు సంబంధించిన రక్షణలను విచారించి రాష్ట్రపతికి నివేదించే ప్రత్యేకాధికారి ఉండాలని రెండవది. అక్కడ పిల్లలకు తలుపు మూయడానికి ఒక వాక్యం వ్రాసుకున్న ఏడే, ఇక్కడ మన పిల్లలకోసం ఒక వాక్యం వ్రాశారు.

అయితే మన వాక్యం కూడా దానంతట అది పని చేయదు. అలబామాలో ఒక చెడ్డ మాటను తీయించడానికి జనం నాలుగుసార్లు వోటు వేయవలసివచ్చింది. మన రాజ్యాంగంలో మంచి మాట ఇదివరకే ఉన్నది, అడిగేవారు కావాలి. బడిలో తెలుగు తరగతి తీసివేస్తామన్ననాడు, "పిల్లలు చాలరు, ఉపాధ్యాయుడు లేడు" అని వినగానే ఇంటిదారి పట్టకుండా, ఆ అధికరణం పేరుచెప్పి అర్జీ వ్రాయాలి. ఈ సంగతి సంఘ సభ్యులు ఇంటిలోని పిన్నలకు కూడా చదివి వినిపిస్తారని ఆశిస్తున్నాము.