ఆకుల్లేని ఆర్కిడ్: అపోహలు – వాస్తవాలు

దక్షిణ ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో పూసే ఘోస్ట్ ఆర్కిడ్ గురించి ఎవరు మాట్లాడినా ముందు పువ్వు గురించే మాట్లాడతారు. తెల్లగా, గాలిలో తేలుతున్నట్టు కనిపించే ఆ పువ్వు అందం అలాంటిది మరి. కానీ ఆ మొక్క బతుకంతా వేళ్లలోనూ, కింద నిలిచిన నీళ్లలోనూ, కంటికి ఆనని శిలీంధ్రంలోనూ ఉంది. అటువైపు చూడకపోవడం వల్లే దాని చుట్టూ ఇన్ని అపోహలు పుట్టాయి. వాటిలో కొన్ని మొక్క ప్రాణం మీదకే తెచ్చాయి.

అపోహ: ఇది చెట్టు రసం పీల్చి బతుకుతుంది, దీనికి సొంత ఆహారం లేదు.

మామిడి కొమ్మల మీద బదనికను చూసి పెరిగినవాళ్లకు అలా అనిపించడం సహజమే. బదనిక కొమ్మలోకి చొచ్చుకుపోయి చెట్టు నుంచే నీరు లాగుతుంది. ఘోస్ట్ ఆర్కిడ్ మాత్రం బెరడును పట్టుకుని ఉంటుందే తప్ప లోపలికి పోదు. ఎదిగిన మొక్కకు చెప్పుకోదగ్గ ఆకులుండవు, ఆకుల పని వేళ్లే చేస్తాయి. పొడిగా ఉన్న రోజున ఆ వేళ్లు బూడిద రంగులో బెరడుతో కలిసిపోయి, పక్కనే నిలబడ్డా కనిపించవు. వాన తడి తగిలిందా, స్పాంజిలాంటి పైపొర నీటిని పీల్చుకుని పారదర్శకంగా మారుతుంది. లోపలి పచ్చదనం బయటపడుతుంది. అది పత్రహరితమే, ఎండలో ఆహారం తయారుచేసేది అదే. వేళ్ల పొడవునా కనిపించే పొట్టి తెల్ల గీతలు గాలి రాకపోకలకు ఏర్పడిన దారులు.

అపోహ: చిత్తడి మొక్క కాబట్టి బురదలో మొలుస్తుంది.

నేలలో నాటితే ఇది బతకదు. ఫ్లోరిడాలో ఎక్కువగా పాప్ యాష్, సీతాఫలం కుటుంబానికే చెందిన పాండ్ ఆపిల్, బాల్డ్ సైప్రస్ చెట్ల మీద ఉంటుంది. అలాగని కింద నీళ్లు ఉన్నా లేకున్నా ఒకటే అనుకోకూడదు. ఆ నీరే చుట్టూ తేమను నిలుపుతుంది, శీతాకాలపు రాత్రుల్లో చలి మరీ కొరకకుండా కాపాడుతుంది. కాలువలు తవ్వి నీటిని తరలించినచోట మొక్కను ఎవరూ ముట్టుకోకపోయినా దాని బతుకు కష్టమవుతుంది. ఫ్లోరిడాలోని ఫకహాచీ అడవిలో 1940లు, 50లలో పెద్ద సైప్రస్ చెట్లను నరికేసినప్పుడు వాటి మీద ఉన్నవన్నీ వాటితోపాటే పోయాయి.

ఇది ఫ్లోరిడా సొంతమనేవాళ్లూ ఉన్నారు. కాదు, క్యూబా అడవుల్లోనూ ఉంది. శాస్త్రలోకానికి మొదట తెలిసిందే అక్కడి నుంచి, 1844లో బెల్జియం దేశపు మొక్కల అన్వేషకుడు జాన్ లిండెన్ సేకరణ ద్వారా.

అపోహ: జెయింట్ స్ఫింక్స్ అనే ఒక్క చిమ్మటే దీనికి పరాగసంపర్కం చేయగలదు.

పొడవాటి మకరంద గొట్టం ఉన్న ఒక మడగాస్కర్ ఆర్కిడ్‌కు అంతే పొడవు తొండం ఉన్న చిమ్మట ఉండి తీరాలని డార్విన్ 1862లో అన్నాడు. తర్వాత అది దొరికింది కూడా. ఆ కథనే తెచ్చి ఇక్కడ అతికించారు. ఘోస్ట్ ఆర్కిడ్ పువ్వు వెనక మకరందం ఉండే గొట్టం 12 సెంటీమీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి నమ్మడం తేలికైంది. అయితే చెట్ల మీద కెమెరాలు బిగించి రాత్రుళ్లు తీసిన ఫొటోలతో 2019లో వెలువడిన పరిశోధన వేరే సంగతి చెప్పింది. పుప్పొడి ముద్దలు అంటుకుని కనిపించింది ఫిగ్ స్ఫింక్స్ అనే మరో చిమ్మటకు. జెయింట్ స్ఫింక్స్ తొండం మరీ పొడవు. అది పువ్వుకు దూరంగానే ఉండి తేనె తాగి, పుప్పొడి అంటకుండానే వెళ్లిపోగలదు. నాకిది ఊరటనిచ్చే వార్త. ఈ మొక్క భవిష్యత్తు ఆ ఒక్క పురుగు మీదే ఆధారపడి లేదన్నమాట.

అపోహ: అడవి నుంచి తెచ్చి ఇంట్లో పెంచుకుంటే జాతిని కాపాడినట్టే.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఇదే. 1994లో ఫకహాచీ నుంచి ఆర్కిడ్లు తీసుకుపోతూ దొరికిపోయిన జాన్ లరోష్ కూడా, వాటిని పెద్ద ఎత్తున పెంచితే దొంగతనాలే ఆగిపోతాయని వాదించాడు. సూజన్ ఓర్లీన్ 'ది ఆర్కిడ్ థీఫ్' పుస్తకం ఆ కేసు మీదే. కానీ చెట్టు నుంచి ఊడబెరికిన మొక్క సాధారణంగా చచ్చిపోతుంది. ధూళి అంత సన్నని విత్తనంలో మొలకకు సరిపడా నిల్వ ఆహారం ఉండదు. తగిన శిలీంధ్రం చేరి ఆహారం అందిస్తేనే అడవిలో అది మొలకెత్తుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు ప్రయోగశాలలో విత్తనాల నుంచి మొక్కలు పెంచి, వాటిని తిరిగి చిత్తడి అడవిలోని చెట్లకు కట్టారు. కాపాడటమంటే అడవి నుంచి ఇంటికి కాదు, ప్రయోగశాల నుంచి అడవికి.

ఫ్లోరిడాలో ఉంటున్న మనవాళ్లకు దీన్ని చూడాలనిపిస్తే నేపుల్స్ దగ్గరి కార్క్‌స్క్రూ స్వాంప్‌కు వెళ్లవచ్చు. అక్కడ 2007లో ఒక ముసలి సైప్రస్ మీద, దాదాపు 50 అడుగుల ఎత్తున కనిపించిన మొక్క ఎన్నో పువ్వులు పూసి పేరు తెచ్చుకుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పూతకాలం. చెక్క నడకదారి మీద నుంచే చూడాలి కాబట్టి బైనాక్యులర్స్ వెంట ఉండాలి. ఇంకెక్కడైనా అనుకోకుండా కంటపడి ఫొటో తీస్తే, లొకేషన్ వివరాలు తీసేశాకే ఎవరికైనా పంపండి. దొంగలు వెతికేది ఆ వివరాల కోసమే.