బడి వేళలో విపత్తు: కొన్ని విశేషాలు

2005 అక్టోబరు 8, 2015 ఏప్రిల్ 25. రెండూ శనివారాలే. మొదటి శనివారం ఉదయం తొమ్మిది కావస్తుండగా పాకిస్థాన్ అధీనంలోని కశ్మీర్‌లో భూమి కంపించింది. అక్కడ శనివారం బడి ఉంటుంది. పాఠం వింటున్న పిల్లలు వేల సంఖ్యలో శిథిలాల కింద ప్రాణాలు వదిలారు. రెండోది నేపాల్ భూకంపం. మధ్యాహ్నం పన్నెండుకు నాలుగు నిమిషాల ముందు వచ్చింది. అక్కడ వారపు సెలవు శనివారం. వేలాది తరగతి గదులు కూలాయి గానీ వాటిలో పిల్లలు లేరు. మర్నాడు ఆదివారం అదే వేళకు వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది.

ఇలాగే బతికిపోయి, దాన్నుంచి వెంటనే పాఠం నేర్చిన చోటు కాలిఫోర్నియా. 1933 మార్చి 10న లాంగ్‌బీచ్ భూకంపంలో 70 బళ్లు ధ్వంసమయ్యాయి, మరో 120 దెబ్బతిన్నాయి. సాయంత్రం ఆరు కావస్తోంది కనుక పిల్లలు ఇళ్లకు చేరిపోయారు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం వచ్చింది. ప్రభుత్వ బడి ప్లానును రాష్ట్ర అధికారులు ఆమోదించాలి, కడుతున్నంత కాలం ఇన్‌స్పెక్టర్ దగ్గరుండి చూడాలి. ఆ చట్టం ప్రకారం కట్టిన బడి ఏదీ ఇంతవరకు భూకంపానికి కూలలేదు.

చట్టం కోసం ఎదురుచూడని హెడ్మాస్టరు కథ వేరే ఉంది. చైనాలోని సిచువాన్‌లో సాంగ్జావో మిడిల్ స్కూలుకు యె జిపింగ్ ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. నాసిరకంగా కట్టిన నాలుగంతస్తుల భవనం ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు. పై అధికారుల చుట్టూ తిరిగి, కొంచెం కొంచెంగా నిధులు తెచ్చి, ఏళ్ల తరబడి స్తంభాలను బలపరిచారు. అదొక్కటే చాలదని 2005 నుంచి పిల్లలతో ఏటా రెండుసార్లు డ్రిల్లు చేయించారు. ఏ తరగతి ఏ మెట్ల మీదుగా దిగాలి, ముందు వరుసల వాళ్లు ఏ తలుపు నుంచి, వెనక వరుసల వాళ్లు ఏ తలుపు నుంచి బయటికి రావాలి, అన్నీ ముందే నిర్ణయించి ఉండేవి. 2008 మే 12న మధ్యాహ్నం మహా భూకంపం వచ్చినప్పుడు ఆయన ఊళ్లోనే లేరు. అయినా 2,200 మందికి పైగా పిల్లలు 1 నిమిషం 36 సెకన్లలో మైదానంలోకి చేరారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆయన ఎదుట లేకపోయినా పని జరిగిపోవడమే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

2011 మార్చి 11న జపాన్ ఈశాన్య తీరంలోని చాలా బళ్లను సునామీ ముంచెత్తింది. కమాయిషి పట్టణంలో మైకు పనిచేయకపోయినా జూనియర్ హైస్కూలు పిల్లలు ఎవరి ఆజ్ఞకూ ఆగకుండా పరుగెత్తారు. వాళ్లను చూసి పక్క ప్రాథమిక పాఠశాల పిల్లలూ కదిలారు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల చేతులు పట్టుకున్నారు. మొదట ఆగిన చోటు కూడా చాలదనుకుని ఇంకా పైకి, మరింత పైకి వెళ్లి బతికారు. ఇషినోమాకిలోని ఒకావా ప్రాథమిక పాఠశాలకు వెనకనే కొండ ఉంది. భూకంపానికీ నీటికీ మధ్య దాదాపు 50 నిమిషాల వ్యవధీ ఉంది. అయినా ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేక అక్కడివాళ్లు చాలాసేపు మైదానంలోనే నిలబడ్డారు. 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు పోయారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. సునామీ వస్తే ఎక్కడికి వెళ్లాలో ముందే ఖరారు చేయకపోవడం, ఆ లోపాన్ని నగర విద్యా మండలి పట్టుకోకపోవడం తప్పేనని 2018లో హైకోర్టు తేల్చింది. 2019లో సుప్రీంకోర్టులోనూ ఆ తీర్పే నిలిచింది.

ముందే ఖరారు చేసుకోవాల్సింది మరొకటి ఉంది: బిడ్డను ఎవరికి అప్పగించాలన్నది. అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న మన తెలుగువాళ్లకు ఎమర్జెన్సీ కార్డు తెలిసే ఉంటుంది. విపత్తు వేళ బిడ్డను ఎవరికి అప్పగించవచ్చో ఆ పేర్లన్నీ అందులో ఉంటాయి. ఆ జాబితాలో లేనివాళ్లు బంధువులమని చెప్పినా పంపరు. ఫోన్ నంబరు మారితే మార్పించడం మాత్రం మన పనే.

మిస్సోరీలోని జోప్లిన్‌లో 2011 మే 22 ఆదివారం హైస్కూలు పట్టా ప్రదానోత్సవం. వేడుక వేరే ప్రాంగణంలో జరిగింది. అది ముగిసిన కాసేపటికే టోర్నడో విరుచుకుపడి హైస్కూలును నాశనం చేసింది. ఊళ్లో 150 మందికి పైగా చనిపోయారు. అంతటి దుఃఖంలోనూ బళ్లు ఆగస్టు 17నే తెరుస్తామని సూపరింటెండెంట్ మాటిచ్చారు. చేతిలో ఉన్నవి 87 రోజులు. పై తరగతులను షాపింగ్ మాల్‌లో ఖాళీగా పడి ఉన్న దుకాణంలోకి మార్చి, ఆ రోజుకే తెరిచారు. తర్వాత అక్కడి బళ్లలో టోర్నడోకు చెక్కుచెదరని గట్టి గదులు కట్టారు. ప్రమాదం ముంచుకొస్తే ఇరుగుపొరుగు వాళ్లకూ అవే ఆశ్రయం.

అక్కడ బడి ఆశ్రయమైతే, మన కోస్తాలో ఆశ్రయమే బడి అయింది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి. వాటిలో కొన్ని మామూలు రోజుల్లో బళ్లుగా నడుస్తాయి. ఇది చాలా మంచి పద్ధతి. రోజూ పిల్లలు వచ్చిపోయే భవనానికి పైకప్పు కారినా, తలుపు ఊడినా, పంపు పాడైనా వెంటనే తెలుస్తుంది. తుఫాను రాత్రి తాళంచెవి ఎవరి దగ్గరుందోనని వెతుక్కోనక్కర్లేదు.